సిరాతో రాసిన ఒక్క మాట

మాస్టారు: పిల్లలకు ఇంగ్లిషు మాటలు ఎంత చెప్పినా నిలవడం లేదని బాధపడుతున్నావు కదమ్మా. ఆ లిస్టులు కొన్నాళ్లు పక్కన పెట్టు. ఒక్కొక్కరి చేతిలో ఒక డిటెక్టివ్ నవల పెట్టి చూడు. లిస్టు చదవమని నువ్వు వాళ్ల వెంటపడాలి. నవలైతే అదే వాళ్ల వెంటపడుతుంది. చంపిందెవరో తేలేదాకా నిద్ర పట్టదు. భాష నేర్చుకునేవాడికి ఆ నిద్ర పట్టని రాత్రిని మించిన బడి లేదని నా నమ్మకం.

శిష్యురాలు: నా అభ్యంతరం కూడా సరిగ్గా ఆ రాత్రి దగ్గరే ఉంది మాస్టారూ. చంపిందెవరో తెలుసుకోవాలని ఆత్రపడేవాడు తెలియని మాట దగ్గర ఆగుతాడా? దూకి వెళ్లిపోతాడు. మాట పట్టుబడాలంటే దాని దగ్గర కాసేపు కూర్చోవాలి. డిటెక్టివ్ నవల గొప్పదనమేమో కూర్చోనివ్వకపోవడం. ఈ రెంటికీ పొత్తు ఎలా కుదురుతుంది?

మాస్టారు: కొన్ని చోట్ల ఆ నవలే ఆపుతుంది. మాటే ఆనవాలైన చోట దాన్ని దాటిపోతే కథే అందదు. కానన్ డాయిల్ 1892లో అచ్చు వేసిన ‘స్పెకిల్డ్ బ్యాండ్’ కథ నీకు తరగతిలో నేనే చెప్పాను. అర్ధరాత్రి గదిలోంచి తూలుకుంటూ వచ్చిన జూలియా, తన కవల సోదరి చేతుల్లో ప్రాణం పోతుండగా, మచ్చల బ్యాండ్ అని మాత్రం చెప్పగలుగుతుంది. ఆ తోటలో జిప్సీలు డేరాలు వేసుకుని ఉన్నారు. బ్యాండ్ అంటే ముఠా కదా, వాళ్ల గురించేనేమో అనుకుంటారు. వాళ్లు తలకు కట్టుకునే చుక్కల రుమాళ్లు కూడా ఆ ఊహకు సరిపోతాయి. చివరికి చూస్తే అది పాము. కలకత్తాలో వైద్యం చేసి వచ్చిన సవతి తండ్రి నుదుటి చుట్టూ పట్టీలా బిగుసుకున్న పాము. బ్యాండ్ అంటే పట్టీ కూడానని అప్పుడు తెలుస్తుంది. ఆ మాట తనను తప్పుదారి పట్టించిందని డిటెక్టివ్ షెర్లాక్ హోమ్స్ అంతటివాడు ఒప్పుకుంటాడు. మనవాళ్లకు బ్యాండ్ అంటే పెళ్లి ఊరేగింపు ముందు వాయించేది. ఈ కథ చదివినవాడు దానికి ఇంకో రెండు అర్థాలు నేర్చుకుంటాడు, జన్మలో మరచిపోడు.

శిష్యురాలు: మరచిపోలేదు, నేనే సాక్ష్యం. కానీ అది కథ పేరులోనే ఉన్న మాట. కథంతా దాని చుట్టూ తిరిగింది. అంత అదృష్టం ఎన్ని మాటలకు పడుతుంది? అదే కథ మొదట్లో డాగ్‌కార్ట్ అనే మాట వస్తుంది. సాయం కోరి వచ్చిన అమ్మాయి ఎడమ చేతి మీద బురద చిమ్మి ఉండటం చూసి, డాగ్‌కార్ట్‌లో వచ్చారు కదూ అంటాడు హోమ్స్. అంటే ఏమిటని మా వాళ్లను అడిగాను. కుక్కలు లాగే బండి అన్నారు, ఇంచుమించు అందరూ. కథకేమీ అడ్డం రాలేదు. తప్పు అర్థంతోనే హాయిగా చివరిదాకా వెళ్లిపోయారు.

మాస్టారు: వాళ్లననకు. నేనూ చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను. అది గుర్రం లాగే తేలికపాటి బండి అనీ, వేటకుక్కల కోసం సీటు కింద పెట్టె ఉండేది కాబట్టి ఆ పేరు వచ్చిందనీ ఉద్యోగంలో చేరాక తెలిసింది. సందర్భాన్ని బట్టి ఊహించుకోండి, డిక్షనరీ ముట్టుకోకండి అని మీ బ్యాచ్‌కి చెప్పాను చూడు, ఆ మాట అంత ధీమాగా చెప్పాల్సింది కాదు. ఊహ తప్పినా కథ నడిచిపోతుంది. అదొక ప్రమాదమే.

శిష్యురాలు: ఊహ తగలాలంటే తెలియని మాట చుట్టూ తెలిసిన మాటలుండాలి. పదసంపద మీద జీవితమంతా పనిచేసిన న్యూజీలాండ్ ఆచార్యుడు పాల్ నేషన్ 2006లో లెక్క కట్టారు. ఎవరి సాయం లేకుండా నవల అర్థం కావాలంటే వంద మాటల్లో 98 ముందే వచ్చి ఉండాలి. దానికి ఎనిమిది తొమ్మిది వేల పదకుటుంబాలు, అంటే ఒకే మూలపదం నుంచి వచ్చిన మాటల గుంపులు, కావాలి. మూడొందల మాటల పేజీలో ఆరు తెలియకపోతే ఫరవాలేదన్నమాట. నా దగ్గరికొచ్చే పిల్లలు డిగ్రీ దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్లు. హోమ్స్ కథ ఒక పేజీ ఇచ్చి తెలియని మాటలు గీయమంటే ముప్పై గీశారు. అంటే ప్రతి వాక్యంలోనూ ఒకటో రెండో. ఆ స్థితిలో ఊహ అంటే చీకట్లో రాయి విసరడమే. ముందు లిస్టు చేతికిచ్చి ఆ ముప్పైని పదికి దించాలి. నవల ఆ తర్వాత.

మాస్టారు: ముప్పై గీసిన పిల్లవాడికి హోమ్స్ ఇవ్వడం ఎంపికలో పొరపాటు. అగాథా క్రిస్టీ ఇవ్వు. సగం పేజీ సంభాషణే. వాక్యాలు పొట్టివి. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఆమె ఆసుపత్రి మందుల గదిలో పనిచేసింది. 1920లో వచ్చిన మొదటి నవలలో హత్య చేసింది స్ట్రిక్నిన్‌తో. విషాల పేర్లు తప్పిస్తే ఆమె దగ్గర కొరుకుడుపడనివి తక్కువ. ఒక నవల చదివినవాడు రెండోది చదువుతాడు. అవే మాటలు మళ్లీ వస్తాయి. మోటివ్, సస్పెక్ట్, విట్‌నెస్, అలిబై. చుట్టంలా పదిసార్లు ఇంటికొచ్చిన మాటను పరిచయం చేయనక్కర్లేదు.

శిష్యురాలు: క్రిస్టీ కూడా ఇచ్చాను మాస్టారూ. ఆమె డిటెక్టివ్ పొయిరో బెల్జియంవాడు, మాటకు ముందొక ఫ్రెంచి ముక్క, వెనకొక ఫ్రెంచి ముక్క అంటాడు. మా అమ్మాయొకతె నోట్‌బుక్‌లో ‘మోనామీ’ అని రాసుకుని, కింద అర్థం కోసం ఇంగ్లిషు డిక్షనరీ అంతా వెతికింది. ఏది ఇంగ్లిషో ఏది కాదో తెలియని దశ అది. ఇక పదిసార్లు వస్తాయన్న ఆ మాటలంటారా, నేరం చుట్టూ తిరిగేవి మాత్రమే పదిసార్లు వస్తాయి. తక్కినవి ఒక్కసారి కనపడి మాయమవుతాయి. ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ తన మీద తానే ప్రయోగాలు చేసుకుని మరపు ఎంత వేగంగా కమ్ముతుందో 1885లోనే చూపించాడు. నేర్చుకున్నదాంట్లో ఎక్కువ భాగం మొదటి రోజుల్లోనే పోతుంది. అందుకే కార్డులు పెట్టాను. తెలిసిన కార్డు వెనక అరలోకి, తెలియనిది మళ్లీ ముందు అరలోకి. రేపు, మూడోరోజు, వారానికి, నెలకు. నవల ఆ లెక్కలో మాటను తిరిగి తీసుకురాదు.

మాస్టారు: తీసుకురాదు. కానీ కార్డు మీద ఏం రాస్తున్నావు? అటు ఇంగ్లిషు మాట, ఇటు తెలుగు మాట. మూర్ అనే మాట తీసుకో. మన పాత నిఘంటువులో బీడుభూమి అని ఉంటుంది. బీడంటే మన పిల్లవాడి కళ్ల ముందు ఏముంటుంది? వేసవి ఎండ, నెర్రెలిచ్చిన నేల, నాలుగు తుమ్మచెట్లు, పల్లేరుకాయలు. ‘బాస్కర్‌విల్స్ వేటకుక్క’ చదివినవాడికి ఉండేది డార్ట్‌మూర్. తడి నేల, పొగమంచు, గుట్టల మీద ఎప్పటివో రాళ్లు, అడుగు తప్పిన గుర్రాన్ని అరుస్తుండగానే మింగేసే ఊబి. నేనా నవల మొదటిసారి చదివినప్పుడు మా ఇంట్లో గోడకున్న గుడ్డిదీపం వెలుతురులో చదివాను. గుర్రం మెడ ఊబిలో కొట్టుకునే చోట పుస్తకం మూసి, దీపం ఒత్తి పెద్దది చేసుకున్నాను. మూర్ అన్న మాట చల్లగా, తడిగా ఉంటుందని నాకు ఆ రాత్రి తెలిసింది. ఏ కార్డు మీద రాస్తావది?

శిష్యురాలు: రాయలేను, ఒప్పుకుంటున్నాను. కానీ మీరు ఎంచుకున్న మాటే మీకు ఎదురు తిరుగుతుంది. అదే నవలలో బాస్కర్‌విల్ వారసుడు సర్ హెన్రీకి లండన్ హోటల్‌కు వచ్చిన ఆకాశరామన్న ఉత్తరం గుర్తు తెచ్చుకోండి. మూర్ జోలికి వెళ్లొద్దని హెచ్చరిక. మాటలన్నీ అచ్చు కాగితంలోంచి కత్తిరించి అంటించినవి. హోమ్స్ ముందురోజు టైమ్స్ పేపరు తెప్పించి సంపాదకీయం చదివి వినిపిస్తాడు. స్వేచ్ఛా వాణిజ్యం మీద రాసిన సంపాదకీయం అది. ఉత్తరంలోని మాటలన్నీ అందులో దొరుకుతాయి, ఒక్క మూర్ తప్ప. అది పేపర్లో దొరకలేదు కాబట్టి సిరాతో చేత్తో రాయాల్సి వచ్చింది. తక్కినవి ఏ రోజు పేపర్లోనైనా దొరికే మాటలనీ, ఇది అంత తేలిగ్గా కనపడనిదనీ హోమ్సే విప్పి చెబుతాడు. అంటే నవల మీకు ప్రాణం పోసి నేర్పింది పేపర్లో ఉండని మాట. పరీక్షలో అడిగేవి, ఆఫీసులో కావలసినవి, కత్తిరించి అంటించిన ఆ తక్కిన మాటలు. నా లిస్టు నిండా ఉన్నవి అవే.

మాస్టారు: ఆ ఉత్తరాన్ని ఇలా ఎవరూ నా ముందు పెట్టలేదమ్మా. కాసేపు ఆలోచించనీ.

సరే, ఆ కత్తిరించి అంటించిన మాటలే చూద్దాం. అందులో రీజన్ అనే మాట ఉంది. నీ లిస్టులో దానికి అర్థమేమిటి? కారణం. ఆ ఉత్తరంలో రీజన్ అంటే కారణం కాదు, మతి. ప్రాణం మీద, మతి మీద ఆశ ఉంటే రావద్దని చెప్పడం అది. వేల్యూ అన్న మాటకు నువ్వు విలువ అని రాస్తావు. అక్కడ అది క్రియ. పేపర్లో రోజూ కనిపించే మాటలేనని వదిలేసినవే, వాక్యంలో పడ్డాక ముఖం మార్చుకున్నాయి. బాగా వాడుకలో ఉన్న మాటకే ఎక్కువ ముఖాలుంటాయి. దానికి వాక్యం కావాలి, నీ కార్డు చాలదు.

శిష్యురాలు: ఇక్కడ నేను వాదించను. నాకు మనసులో గుచ్చుకున్న సంగతొకటుంది. మా కుర్రాడొకడికి రెండు వేల మాటలు కంఠతా వచ్చు. పరీక్ష పెడితే తొంభై తక్కువ రావు. ఒకరోజు తాతగారి గురించి ఐదు వాక్యాలు రాయమన్నాను. ఆయన ఊళ్లో అందరికీ మందు ఇచ్చే పెద్దమనిషి. మా తాత ఈ మండలంలో నోటోరియస్ డాక్టర్ అని రాశాడు. లిస్టులో ‘నోటోరియస్ – పేరుమోసిన’ అని ఉంది. ఆ లిస్టు తయారు చేసింది నేనే. తెలుగులో పేరుమోసిన దొంగ అంటాం, పేరుపొందిన వైద్యుడు అంటాం. ఆ తేడా వాడికి తెలుగులో బాగా తెలుసు. నేను ఒక్క మాటతో సరిపెట్టి వాడికి అందకుండా చేశాను. ఏ డిటెక్టివ్ కథలోనైనా నోటోరియస్ పక్కన గజదొంగో విషప్రయోగం చేసినవాడో ఉంటాడు. ఒక్కసారి చూసినా తాతగారి పక్కన పెట్టేవాడు కాదు.

మాస్టారు: అందుకే అంటున్నాను, డిటెక్టివ్ నవల మాటల మధ్య గీతలు గీయడం నేర్పుతుంది. అనుమానితుడు వేరు, నిందితుడు వేరు, దోషి వేరు. సస్పెక్ట్, అక్యూజ్డ్, కన్విక్ట్. లిస్టులో ఇవి పక్కపక్కన ఉంటే అన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి. నవలలో ఒక నిరపరాధి మొదటిదాంట్లోంచి రెండోదాంట్లోకి జారుతుంటే గుండె కొట్టుకుంటుంది. అప్పుడు తెలుస్తుంది ఆ గీత ఎంత ముఖ్యమో.

శిష్యురాలు: ఆ మాటలు సులువుగా పట్టుబడటానికి ఇంకో కారణం కూడా ఉంది. వాటి తెలుగు జతలు వాడి దగ్గర ముందే ఉన్నాయి. పేపరు చదివే ఏ పల్లెటూరి కుర్రాడికైనా పంచనామా, వాంగ్మూలం, పరారీ, సోదా, ముద్దాయి తెలుసు. ఇన్‌క్వెస్ట్ అంటే శవ పంచనామా అనగానే పని అయిపోయింది. అంటే సగం పని నవల చేయలేదు, వాడి తెలుగు చేసింది.

మాస్టారు: ఆ తెలుగు మాటలు నాకెక్కడివి అనుకుంటున్నావు? మా ఇంట్లో పేపరు వచ్చేది కాదు. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ నవలలు అద్దె పుస్తకాల షాపులో తెచ్చుకుని చదివాను. యుగంధర్ అసిస్టెంట్ రాజు కంటే ముందు నేనే పట్టుకోవాలని పంతం. ఆచూకీ, కూపీ లాగడం, ఆరా తీయడం, ఆనవాలు, ఇవన్నీ మా ఇంట్లో ఎవరూ అనని మాటలు. ఎవరూ నాకు అర్థం చెప్పలేదు. ఏ ఒక్కటీ రాసుకోలేదు. ఎప్పుడొచ్చాయో తెలియకుండా వచ్చాయి. నా మొదటి భాషలోనే సగం మాటలు డిటెక్టివ్ నవల పెట్టిన భిక్ష. రెండో భాషకు అది పనికిరాదంటే నాకెలా మనసొప్పుతుంది?

శిష్యురాలు: మీ మాటను కాదనలేను. కానీ సొంత భాషలో జరిగింది రెండో భాషలో జరుగుతుందని ధీమా ఏది? ‘ఎ క్లాక్‌వర్క్ ఆరెంజ్’ నవలలో రచయిత కల్పించిన వింత మాటలు రెండొందల పైచిలుకు ఉంటాయి. 1978లో కొందరికి ఆ నవల ఇచ్చి, పరీక్ష ఉంటుందని చెప్పకుండా, తర్వాత ఆ మాటలు అడిగారు. సగటున నాలుగింట మూడొంతులు చెప్పారు. నవల పక్షాన ఉన్నవాళ్లందరూ దీన్నే చూపిస్తారు. ఐతే చదివినవాళ్లకు ఇంగ్లిషు సొంత భాష. వింత మాట చుట్టూ ఉన్నవన్నీ తెలిసినవే. పైగా ఒక్కో మాట సగటున పదిహేనుసార్లు వచ్చింది. 1998లో అచ్చయిన ఇంకో ప్రయోగంలో ఒమన్‌లో ఇంగ్లిషు నేర్చుకుంటున్న 34 మంది థామస్ హార్డీ నవల సరళ ప్రతిని, టీచరు పైకి చదువుతుండగా, మొత్తం చదివారు. నికరంగా పట్టుబడ్డవి మనిషికి ఐదు మాటల చొప్పున. ఒక పుస్తకానికి ఐదు! నా పిల్లలకు నాలుగు నెలల్లో స్టాఫ్ సెలక్షన్ పరీక్ష. పర్యాయపదాలు, వ్యతిరేకపదాలు, ఒక వాక్యానికి ఒకే మాట. ఇంటి దగ్గర తండ్రి అప్పు చేసి గది అద్దె పంపుతున్నాడు. ఐదు మాటల కోసం నెలరోజులు పెట్టమని వాళ్లకు ఏ ముఖంతో చెప్పను?

మాస్టారు: ఆ తండ్రి ముందు నా దగ్గర సమాధానం లేదు. నాలుగు నెలలే గడువైతే నీ లిస్టే సరైనది. నేను చెప్పేది ఆ పరీక్ష అయ్యాక ముప్పై ఏళ్ల ఉద్యోగంలో వాడు చదవబోయే, రాయబోయే ఇంగ్లిషు గురించి. ఐదు మాటలే అంటున్నావు. ఆ ఐదూ కాక, అంతకుముందు సగం తెలిసిన వందల మాటలు ఇంకాస్త గట్టిపడి ఉంటాయి. రీజన్ అంటే మతి కూడా అని తెలిసిందనుకో, అది కొత్త మాట కింద లెక్కకు రాదు. ఏ పరీక్ష కొలుస్తుంది దాన్ని?

శిష్యురాలు: కొలవలేనిదంతా నవల ఖాతాలో వేసుకుంటే ఎలా మాస్టారూ? కొలిచిన చోట ఓడిపోయి, కొలవని చోట గెలిచామనడం న్యాయమా?

మాస్టారు: న్యాయం కాదు. అందుకని నా గురించి ఒక నిజం చెబుతాను, దాన్ని నువ్వే తూచుకో. గుడ్డిదీపం దగ్గర ఆ నవల చదివిన రాత్రి నాకు మిగిలింది మూర్ ఒక్కటే. ఊబి, కుక్క, భయం. ఇంకే మాటా మిగల్లేదు. నువ్వు మొదట్లో అన్నట్టే దూకి వెళ్లిపోయాను. ఆరేడు నెలల తర్వాత మళ్లీ చదివాను. ఈసారి చంపిందెవరో తెలుసు. అప్పుడు ఆగాను. ఆ మనిషి మొదటిసారి కథలోకి వచ్చినప్పుడు రచయిత ఏ మాటలు వాడాడో, ఎక్కడ నన్ను ఏమార్చాడో ఒక్కొక్కటీ వేలు పెట్టి చూసుకున్నాను. నాకొచ్చిన ఇంగ్లిషులో చాలా భాగం రెండో చదువుది.

శిష్యురాలు: చూశారా! ఉత్కంఠ పోయాకే మాటలు వచ్చాయి. నిద్ర పట్టని రాత్రి కాదు నేర్పింది. మరి దేనికోసం డిటెక్టివ్ నవలే కావాలి? ఏ పుస్తకమైనా రెండుసార్లు చదివితే చాలదా?

మాస్టారు: ఏ పుస్తకాన్ని రెండోసారి తెరుస్తారు? నన్ను మోసం చేసిన పుస్తకాన్నే తెరిచాను. ఎలా మోసపోయానో తెలుసుకోవాలన్న ఉక్రోషంతో తెరిచాను. మొదటి రాత్రి లేకపోతే రెండో చదువు లేదు. 1887లో వచ్చిన మొదటి హోమ్స్ నవలలో గోడ మీద రక్తంతో ‘రాచె’ అని రాసి ఉంటుంది. రేచెల్ అనే ఆడమనిషి పేరు రాయబోయి ఆగిపోయారని పోలీసు అధికారి తేల్చేస్తాడు. జర్మన్‌లో అది పగ అనే మాట అని హోమ్స్ చెబుతాడు. మాట తెలిసినవాడు గెలిచాడు, తెలియనివాడు లేని మనిషిని వెతకబోయాడు. అది చదివి మాటల మీద ఆశ పుట్టింది నాకు. అంతకుముందు మాటలంటే పరీక్షలో వచ్చేవి.

శిష్యురాలు: ఆ ఆశ మా పిల్లల్లో పుట్టాలని నాకూ ఉంది. అందుకే ఒక పని చేద్దామనుకుంటున్నాను. స్పెకిల్డ్ బ్యాండ్ చిన్న కథే కదా, ఇస్తాను. చేతికి పెన్సిల్ కూడా ఇస్తాను. తెలియని మాట కింద గీయమంటాను.

మాస్టారు: పెన్సిల్ ఇవ్వకు. చేతిలో పెన్సిల్ ఉంటే అది పాఠ్యపుస్తకం అయిపోతుంది. మొదటిసారి వట్టి చేతులతో చదవనీ. రెండోసారికి ఇవ్వు.

శిష్యురాలు: మొదటిసారి ఇవ్వకపోతే రెండోసారి అనేదే ఉండదు మాస్టారూ. అందరూ మీలా ఉక్రోషపడరు. పాము అని తెలియగానే పుస్తకం తెచ్చి నా బల్ల మీద పెడతారు.

మాస్టారు: అలాగైతే సగంమందికి పెన్సిల్‌తో ఇవ్వు, సగంమందికి లేకుండా. నెల తర్వాత చెప్పకుండా అడుగు.

శిష్యురాలు: అడుగుతాను. మాటలు మీరొక పది చెప్పండి, నేనొక పది ఎంచుతాను.

మాస్టారు: అర్థం రాయమంటావా, వాక్యం రాయమంటావా?

శిష్యురాలు: అర్థం. వాక్యాలైతే ఎవరికెన్ని మార్కులో మనిద్దరికీ తెగదు.

మాస్టారు: నా పదికీ వాక్యం రాయమను, తెగకపోతే కూర్చుని తెంచుకుందాం. మొదటిది బ్యాండ్. రెండోది డాగ్‌కార్ట్.

శిష్యురాలు: డాగ్‌కార్ట్ మీకే నష్టం కదా మాస్టారూ.

మాస్టారు: తెలుసమ్మా. రాసుకో.